లెక్కపెట్టకూడని మంద

జవళగిరిలో వెంకటరమణప్ప ఇంట్లో ఆ ఉదయం కూడా పొయ్యి మీద సంగటి ఉడుకుతోంది, తినడానికే ఎవరికీ ఆకలి లేదు. వారంలో ఏడు గొర్రెలు చచ్చిపోతే ముద్ద ఎట్లా దిగుతుంది?

కూతురు సుధామణి హోసూరు కాలేజీలో తెలుగు ఎం.ఏ. చదువుతోంది. కాలేజీవాళ్ళు ఒక కంపెనీతో కలిసి ప్రాజెక్టు పెట్టుకున్నారు. యంత్రానికి మన మాట నేర్పాలట, విద్యార్థులు పల్లెల్లో గొంతులు రికార్డు చేసి తేవాలట. బాగా చేస్తే అక్కడే ఉద్యోగం. ఊరంతా తిరగడం ఎందుకని సుధామణి వాళ్ళవ్వ గంగక్కనే కూర్చోబెట్టింది. అంకెలు కూడా చెప్పించమని కాగితంలో ఉంది. అవ్వకు చదవడం రాదు. "దొడ్లో గొర్రెల్ని చూసి చెప్పవ్వా" అంది పిల్ల. అక్కడే కొంప మునిగింది. మందను నోరు తెరిచి లెక్కపెడితే దిష్టి తగిలి చస్తాయని, ఎవరూ లెక్కపెట్టరు. ఆ ఇంట్లో తాతల నాటి కట్టుబాటది. ఎం.ఏ. చదివే పిల్లకు ఆ మాత్రం గుర్తుండొద్దూ!

"ఆ గొంతు తుడిపెయ్యమను. లేకుంటే రేపట్నుంచి కాలేజీ లేదు, ఏమీ లేదు" అన్నాడు వెంకటరమణప్ప.

సుధామణి కాలేజీలో ఆ ప్రాజెక్టు చూసే ద్వారకనాథ్ సారుకు ఫోన్ చేసింది. "సంతకం పెట్టించి ఇచ్చినాము గదమ్మా, ఇంక అది కంపెనీది. నా చేతిలో ఏముంది?" అన్నాడాయన. కంపెనీకి చేస్తే, వేల గొంతుల్లో కలిసిపోయింది, వెతికి తీయలేమని ఒకమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది. పిల్ల గోడకు ఆనుకుని ఏడ్చింది. ఎవరి కాళ్ళు పట్టుకోవాలో కూడా తెలియలేదు పాపం.

"ఏమన్నారు?"

"కాదంట నాయినా."

"ఏం చదువో ఏమో! దానికంటే తెలీదు. అమ్మా, నీకన్నా తెలీదా?"

గంగక్క చీపురు పక్కన పెట్టింది. "తెలుసురా. తెలిసే చెప్పినా."

"తెలిసేనా?"

"పిల్ల నా ఎదురుగా కూసోని చెప్పవ్వా అనె. మూడు దినాలు నేను చెప్పిందంతా వినె. ఈ ఇంట్లో నన్ను ఒక మాట అడిగి ఎన్నేండ్లాయరా? పెద్ద గొర్రెకి మూతి వాచిన దినమే చెప్పినా, డాక్టర్ని పిలువప్పా అని. సంతకి టైమాయ అని బండెక్కి పోతివి. మళ్ళా చెప్పినా. టీవీ చూస్తా ఊ అంటివి. అంకెలు చంపలేదురా వాటిని."

వింటున్న సుధామణికి సిగ్గేసింది. తను మాత్రం విన్నది మార్కుల కోసమే కదా! రికార్డింగు అయిపోయాక మళ్ళీ అవ్వ పక్కన కూర్చున్న పాపాన పోలేదు.

దొడ్లో అప్పటికే ఇంకో రెండు లేవలేక పడి ఉన్నాయి. వెంకటరమణప్ప వాటిని చూశాడు.

"పాపా, పశువుల డాక్టర్‌కి ఫోన్ చేసి నువ్వు కాలేజీకి పో" అన్నాడు. తర్వాత వచ్చి తల్లి ముందు నేల మీద కూలబడ్డాడు. "డాక్టరొచ్చేదాకా ఏం చెయ్యాలమ్మా? నువ్వే చెప్పు."

గంగక్క చెప్పబోయింది. చెప్పలేక, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.