శీతపేటిక అడిగిన మూడో ప్రశ్న

ఎవరూ అడగని నిజాన్ని చెప్పకుండా ఉంటే అదీ అబద్ధమే అవుతుందా? పన్నెండేళ్లుగా పొద్దున్నే తన రిపేరు షాపులో దీపం పెట్టేటప్పుడల్లా పైడిరత్నానికి ఈ అనుమానం వస్తూనే ఉంది. దేవుడు మాత్రం ఇంతవరకూ తేల్చి చెప్పలేదు.

2074 నాటికి విశాఖలో ఫోనులాంటి చేతిపలక లేని మనిషి లేడు. కంపెనీవాళ్లు జిగురుతో మూసేసి అమ్మే ఆ పలకలో బ్యాటరీ ఉబ్బిందంటే, తీయడానికి శీతపేటిక ఒక్కటే దారి. ఆ గాజు పేటిక లోపలి గాలిని తోడేసి మంట అంటుకోనివ్వని ఆర్గాన్ వాయువు నింపుతుంది, పలకను గడ్డకట్టేలా చల్లబరుస్తుంది, సన్నని ప్లాస్టిక్ వేళ్లతో జిగురు విడదీస్తుంది. అంతకుముందు మూడు ప్రశ్నలు వేస్తుంది. కింద పడిందా? తెల్లవార్లూ ఛార్జింగులో ఉంచారా? ఎవరైనా పొడిచారా, నొక్కారా? జవాబును బట్టే వేళ్లు కదులుతాయి. నొక్కిన బ్యాటరీలో పొరలు ఒకదానికొకటి తగులుతాయి. దాన్ని రవ్వంత వంచినా మంటే.

"దానంతటదే ఉబ్బిందండీ" అంటారు వచ్చినవాళ్లంతా. ఆ మాట వింటే రత్నానికి ఒళ్లు మండిపోతుంది. "దానంతటదే ఉబ్బడానికి అదేటి, పూరీయా?" అని అందరి ముందూ కడిగేస్తుంది.

ఆ రోజు దాలినాయుడు వచ్చాడు. ఆమెకు ఈ పని నేర్పిన మేస్త్రీ. పన్నెండేళ్ల కిందట ఇదే షాపులో బ్యాటరీ పేలి అతని రెండు చేతుల వేళ్లూ పోయాయి. ఉబ్బిన బ్యాటరీని పిన్నుతో పొడిచాడని అతని లైసెన్సు కూడా లాగేసుకున్నారు. మణికట్టుకు తగిలించుకున్న సంచిలో ఇప్పుడతను తెచ్చిన పలకలో, చనిపోయిన భార్య గొంతు ఉంది. మరెక్కడా లేదు.

"మీ అత్త గొంతు వస్తాదా అమ్మా?" అన్నాడు.

"ఇంతుబ్బిందాకా ఏటి సేస్తన్నావు మావా!" అని కసిరి, పాత అలవాటున ఉబ్బును బొటనవేలితో నొక్కి చూసి, రత్నం పలకను పేటికలో పెట్టింది.

పేటిక మూడో ప్రశ్న వేసింది. ఇద్దరూ లేదన్నారు.

ప్లాస్టిక్ వేళ్లు ఆగిపోయాయి. "పైన బొటనవేలి నొక్కు ఉంది. ఒకసారా, ఎక్కువసార్లా? బ్యాటరీ లోపల వేడి పెరుగుతోంది," అంది పేటిక.

రత్నం అతని మీద విరుచుకుపడింది. "నువ్వే నొక్కుంటావు! అందరూ దొంగలే! నిజం సెప్తే నోరు పడిపోతాదా?"

"దేంతో నొక్కీది?" దాలినాయుడు మొండి చేతులు రెండూ ఆమె ముఖం ముందు పెట్టాడు.

పేటిక మీద ఎర్రదీపం వెలిగింది.

"ఒక్కసారి," అంది రత్నం. "నానే."

వేళ్లు కదిలాయి. బ్యాటరీ ఊడి ఇసుకతొట్టిలో పడింది. పేటిక ఇంకేమీ అడగలేదు. అయినా రత్నం ఆగలేకపోయింది.

"ఆ రోజు పిన్నుతో పొడిసిందీ నానే మావా. నన్నెవులూ అడగలేదు."

"పన్నెండేళ్లే!" దాలినాయుడు కేకకు గాజు అదిరింది. "నాను పొడవలేదని మొత్తుకున్నా మీ అత్త నమ్మలేదు. నమ్మకుండానే పోయింది!"

కొత్త బ్యాటరీతో పలక వెలిగింది. అతను దాన్ని మోచేత్తో ఆమె వైపు నెట్టాడు.

"నాకు కాదు. మీ అత్తకి సెప్పు."

పలకలో ఆవిడ గొంతు ఎవరినో అన్నానికి పిలుస్తోంది. అది ఆగేదాకా ఉండి, రత్నం చేతులు జోడించింది. "అత్తా," అని మొదలుపెట్టి, పిన్ను ఎవరి చేతిలో ఉందో, ఎవరు వద్దు వద్దని అరుస్తూ బ్యాటరీని లాక్కున్నారో, ఒక్క మాట కూడా మింగకుండా చెప్పింది.