సగటు చర్మం

మధ్యాహ్నం గంట మోగగానే అంగారకుడి మీద అమరధార ఊరంతా సొరంగాల్లోంచి భోజనశాలకు చేరుకుంటుంది. పొడవాటి బల్ల మీద అరచెయ్యి ఆనించాలి. పచ్చదీపం వెలిగితే బంతిలో చోటు. ఎర్రదీపం వెలిగితే మూలనున్న చిన్న బల్ల.

వకుళ ఏళ్ళ తరబడి ఆ చిన్న బల్ల దగ్గరే తింటోంది.

పొడవాటి బల్లను జన్యుపీఠం అంటారు. తొలి ఓడలో వచ్చినవాళ్ళకు ఇక్కడి రేడియేషన్ పడక, జన్యువులకు తగిన మందును అన్నంలోనే కలిపి పెట్టేవారు. ఒక మందు సరిపడేవాళ్ళంతా ఒక బంతి. వచ్చినవాడి డీఎన్ఏను కూర్చున్నవాళ్ళ సగటుతో యంత్రం పోల్చేది. చావుపుట్టుకలతో బంతి మారుతుంటుంది కనక సగటును రోజూ కొత్తగా లెక్కగట్టుకుంటుంది. మందు అవసరం ఎప్పుడో తీరిపోయింది. బంతి మిగిలింది.

తర్వాతి ఓడల్లో వచ్చినవాళ్ళు చిన్న బల్ల చుట్టూ ఒకప్పుడు కిక్కిరిసి ఉండేవారు. ఒక్కొక్కరే అటు చేరిపోయారు. ఎలాగని అడిగితే, "ఏమో, యంత్రం దయ" అనేవారు. చివరికి వకుళ ఒక్కతే మిగిలింది.

తొలి ఓడవాళ్ళ మనవల్లో మిగిలిన ఒక్క మామ్మ, భ్రమరాంబ, రోజూ బంతిలో కూర్చోబోయే ముందు ఆమె దగ్గర ఆగేది.

"ఒక్కదానివే తింటే ముద్ద దిగదే. ఇది నంజుకో," అంటూ సొరంగంలో పండించిన గోంగూరతో చేసిన పచ్చడి గిన్నె పెట్టిపోయేది. ఆ పచ్చడిలో వకుళ నాలుకకు జాలి తగిలేది. అయినా గిన్నె ఊడ్చేసేది.

ఆ జాలి భరించలేకే ఒకరోజు వకుళ, జన్యువుల పని తెలిసిన డాక్టర్ పరాంకుశం ప్రయోగశాల తలుపు తట్టింది. ఆయన గాజుపళ్ళెంలోంచి ఉల్లిపొర లాంటిదాన్ని పైకి తీశాడు.

"జీవచర్మం. అరచేతికి అతికిస్తే నీ చర్మంలో కలిసిపోతుంది."

"నొప్పా?"

"దురద. మధ్యాహ్నం పూట, చిటికెనవేలి మొదట్లో. అంతే."

"తీసెయ్యాలంటే?"

"పెట్టుకోకముందే తియ్యడమా! వేళ్ళూనుకుంటే ఇక రాదమ్మా."

"ఎవరిదండీ ఇది?"

"ఎవరిదీ కాదు. బంతి మొత్తం కలిపి తీసిన సగటు. నిజం మనిషి కన్నా యంత్రానికి ఇదే ముద్దు."

మర్నాడు పచ్చదీపం వెలిగింది. వకుళ బంతిలో కూర్చుంది. ఎవరూ ఆశ్చర్యపోలేదు. "ఇటు జరుగమ్మాయ్," అని పక్కనున్న వీర్రాజు చారుగిన్నె అందించాడు. ఇంత తేలికా అనుకుంది.

భ్రమరాంబ ఎప్పటిలాగే ఆలస్యంగా, పచ్చడి గిన్నెతో వచ్చింది. మూల బల్ల ఖాళీగా ఉండడం చూసి, బంతి వైపు తిరిగింది.

"ఓసి నీ దుంప తెగ! వచ్చేశావటే!"

నవ్వుతూ అరచెయ్యి ఆనించింది. ఎర్రదీపం. చెయ్యి చీరకు తుడుచుకుని మళ్ళీ ఆనించింది. ఎర్రదీపమే.

"మామ్మగారూ, గోంగూర అంటుకుందేమో!" ఎవరో అన్నారు. నవ్వులు లేచి, వెంటనే అణిగిపోయాయి.

వకుళకు చిటికెనవేలి మొదట్లో దురద పుట్టింది. గోక్కుంటూ తలెత్తింది. వీర్రాజు గోక్కుంటున్నాడు. ఎదుటివాళ్ళు గోక్కుంటున్నారు. బల్ల ఆ చివరి దాకా అందరూ, ఎవరి ముఖం ఎవరూ చూడకుండా, అదే చోట గోక్కుంటున్నారు. ఇప్పుడు సగటంటే ఆ చర్మమే. దానికి, పుట్టిన ఒంటితోనే మిగిలిన మనిషి పరాయిదైపోయింది. త్రాసు ఒరగడానికి చాలిన చివరి చెయ్యి తనది.

భ్రమరాంబ మూలకు వెళ్ళి కూర్చుంది. వకుళ లేచి ఆ గిన్నె పక్కకు వెళ్ళడానికి నాలుగడుగులు చాలు. ఎవరైనా ముందు లేస్తే తనూ లేస్తుంది. అందరి కళ్ళల్లోనూ అదే ఎదురుచూపు. చారు చల్లారింది.

చేతులు కడుక్కునే చోట భ్రమరాంబ వకుళ మణికట్టు పట్టుకుంది.

"గోక్కోవడం చూశాన్లే. ఎక్కడ దొరుకుతుందే అది?"

"మీకెందుకండీ మామ్మగారూ? ఆ బంతే మీది కదా…"

"నాదని నాకు చెప్పకు. ఒక్కపూటకే ముద్ద దిగలేదు. ఇన్నేళ్ళూ ఎలా తిన్నావే అక్కడ?"

మీ పచ్చడితో, అనబోయింది వకుళ. వద్దని చెప్పాలనీ, రేపు నేనే వచ్చి మీ పక్కన కూర్చుంటాననీ అనుకుంది. కొళాయి కింద అరచెయ్యి మళ్ళీ దురద పెట్టింది.

"మూడో సొరంగం చివర, ఎడమ తలుపు," అంటున్న తన గొంతు ఆమెకే వినిపించింది. "కాస్త గట్టిగా తట్టండి."