అమ్మమ్మ పెట్టని చెయ్యి

ఆస్పత్రిలో చేర్చినా అమ్మమ్మకు కంటి మీద కునుకు లేదు. డాక్టరు మందులు మార్చి మార్చి చేతులెత్తేశాడు. చివరికి ఆవిడే మనవరాలిని దగ్గరికి పిలిచి అసలు సంగతి చెప్పింది. తన చిన్నతనంలో గొంతుజబ్బు ఊరిని ఊడ్చేసిందట. పోయిన పిల్లలందరినీ శ్మశానంలో ఒక మూల కలిపి పూడ్చి, పైన సిమెంటు పలక పోశారట. అది ఆరకముందే, పోయిన ఒక్కో బిడ్డ కోసం తోబుట్టువు ఒకరు అరచెయ్యి అద్దాలన్నారట. అందరూ అద్దారు. అమ్మమ్మ మాత్రం భయపడి చెయ్యి వెనక్కి దాచుకుంది. తమ్ముడి చోటు ఖాళీగా ఉండిపోయింది.

"నా బదులు నువ్వు పెట్టిరా చిట్టీ. నాకు నిద్ర పడుతుంది."

తల్లి లేని తనను పెంచి పెద్దచేసిన మనిషి. కాదనడానికి నోరెలా వస్తుంది? మనవరాలు ఆ రోజు కుట్టుపని మానుకుని బయలుదేరింది.

శ్మశానానికి వెళ్లేసరికి పొద్దు వాలింది. ఆ మూల సంగతి తానెప్పుడూ వినలేదని, చీకటి పడితే గేటు వేసేస్తానని కాపలాదారు విసుక్కున్నాడు. పెద్దవాళ్ల పాలరాతి సమాధులన్నీ దాటి, వెనక గోడ దాకా వెతుక్కుంటూ పోయింది. కుళ్లిన ఆకుల వాసన. తీగలు పీకేకొద్దీ చేతులు గీరుకుపోయాయి. అడుగున పలక తగిలింది. దాని నిండా చిన్న చిన్న అరచేతుల గుర్తులు, గుంటల్లో నాచు. చివర్న ఒక్క చోటు నున్నగా ఉంది.

ఆమెకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మిమ్మల్ని చూడ్డానికి ఎవరూ రాలేదు కదర్రా అనుకుంటూ అక్కడ చెయ్యి ఆనించింది.

చల్లగా ఉంది.

తర్వాత... మెత్తగా ఉంది.

చెయ్యి దిగబడుతోంది. పచ్చి సిమెంటు వాసన. మణికట్టు దాకా... లాగితే రావడం లేదు. లోపల నుంచి చిన్న వేళ్లు... ఒక్కొక్కటిగా... ఆమె చూపుడువేలి చుట్టూ బిగుసుకున్నాయి.

ఉన్న బలమంతా పెట్టి చెయ్యి ఊడబెరుక్కుని, కాళ్లకు బుద్ధి చెప్పింది. ఆస్పత్రి మెట్లెక్కేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

అమ్మమ్మ మేలుకునే ఉంది. మనవరాలి చేతికంటిన సిమెంటు చూడగానే ఆ ముఖం తేటపడింది.

"పట్టుకున్నాడా?" గుసగుసగా అడిగింది.

ఆమె తలాడించింది.

"అప్పట్నుంచీ రాత్రయితే చాలు, వచ్చి నా వేలు పట్టుకునేవాడు. ఇక నా దగ్గరికి రాడులే."

అమ్మమ్మ రెండు చేతులూ చెంప కింద పెట్టుకుని హాయిగా కళ్లు మూసుకుంది. పక్కనే కుర్చీలో మనవరాలు కూలబడింది. ఇంత పని నా అమ్మమ్మే చేసిందా అనుకుంది. కుడిచెయ్యి కుర్చీ పక్కకు వేలాడుతోంది. చూపుడువేలికి ఏదో చల్లగా... తడిగా తగిలింది. బిగిసింది. ఆమె గభాల్న చెయ్యి లాక్కోబోయింది.

"విదిలించుకోకు," అంది అమ్మమ్మ కళ్లు తెరవకుండానే. "ఏడుస్తాడు."