నవీపేట్ అంగడి హోమ్ థియేటర్

"అన్నా, ఇది దొంగ మార్కు. గిట్ల మోసం జేస్తరా ఎవలన్న?"

వానకు తడిసిన చున్నీ పిండుకుంటూనే నిరోష ఆ హోమ్ థియేటర్ పెట్టెను కౌంటర్ మీద దభీమని పెట్టింది. నిజామాబాదులో బోధన్ రోడ్డు మీద చిన్న దుకాణం అది. చెరుకు ట్రాక్టర్ పాటల డెక్కు ఒకటి విప్పుకుని కూర్చున్న శ్రావణ్ తలెత్తాడు. ముందు ఆమె కోపం కనబడింది. ఆ తర్వాత కనురెప్ప మీద ఆగిన వాన చుక్క.

"మేడమ్, గిది మా దుకాన్ల కొన్నది కాదు."

"తెల్సు. మా బాపు నవీపేట్ అంగట్ల కొన్నడు."

"మరి నన్నెందుకు తిడుతున్నరు?"

"అమ్మినోడు బండెక్కి పోయిండు. ఎవర్నో ఒకర్ని తిట్టాలె గదా!"

శ్రావణ్‌కు నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చింది గానీ ఆపుకుంది.

పెట్టె వెనక స్టిక్కర్ మీది భద్రతా మార్కు నంబరును ఆమె అప్పటికే ప్రభుత్వ యాప్‌లో కొట్టి చూసింది. అదేదో మొబైల్ ఛార్జర్ నంబరట. నిన్న ఆ పెట్టె ముట్టుకుని వాళ్ళమ్మ షాక్ తిన్నది.

"మార్కు అసలుదైతే పాట గూడ మంచిగొచ్చునా?"

"పాటకు, దానికి సంబంధం లేదు. మార్కుంటే షాక్ కొట్టదు, కాలిపోదు అని ల్యాబుల పరీక్ష జేసిండ్రన్నట్టు. పాట ఎట్లుంటదో మనమే ఇనాలె."

స్క్రూలు విప్పాడు. లోపల అరచేయంత బోర్డు. దాని పక్కన బరువు కోసం జిగురుతో అతికించిన సిమెంటు గడ్డ.

నిరోష పకపకా నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"మా బాపు మేకల బేరం జేస్తడు. రెండు చేతులతోని లేపి ఎన్ని కిలోలో చెప్తడు, కాంటా గూడ గంతే జూపిస్తది. దీన్ని గూడ గట్లనే లేపి, మాల్ గట్టిదని నలుగురి ముంగట కొన్నడు. రాయి గొన్నడని తెలిస్తే అంగట్ల మా బాపు ఆత్మారాం మాట ఎవలింటరు?"

శ్రావణ్ ఆ గడ్డను చేతిలో తిప్పి చూశాడు.

"వారం ఆగి రండి."

వారానికి వచ్చింది. కాలేదన్నాడు. మళ్ళీ వచ్చింది. ఈసారి 'అన్నా' అనలేదు. ఆ తర్వాత అడగకుండానే స్టూలు జరుపుకుని కూర్చుంది. పని మొదటి రోజే అయిపోయిన సంగతి అతను చెప్పలేదు. ఎందుకింత ఆలస్యమని ఆమెకూ అడగబుద్ధి కాలేదు.

ఇక దాచలేక ఒకరోజు పెట్టె బయటికి తీశాడు. "మార్కున్న యాంప్లిఫయర్ ఏసిన. కొత్త స్పీకర్. దొంగ స్టిక్కర్ గోకేసిన."

"రాయి?"

"మళ్ళ లోపల్నే వెట్టిన. వైర్లకు తాకకుండ."

"ఎందుకు?"

"మీ బాపు మొదలు లేపే సూస్తడు గదా."

నిరోష స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. వాన తగ్గినా లేవలేదు.

పెట్టె ఇంటికి చేరిన నాలుగు రోజులకు ఆత్మారాం తానే వచ్చాడు, రుమాలు దులుపుకుంటూ. వెనకే తలొంచుకుని నిరోష.

"ఏం పిలగా, రాయి తియ్యలేదేం?"

శ్రావణ్ చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పడింది. నిరోష చటుక్కున తలెత్తింది.

"నీకు ముందే ఎరుకనా బాపు?"

"బరువు కోసం మేకకు నీళ్ళు తాపి తెస్తేనే దొరకవడ్తది నాకు. ఇంటికొచ్చినంక మళ్ళ లేపితే బరువు ఒక్క దిక్కే గుంజింది. నోరు మూస్కున్న. రిపేరోడు ఇప్పుతడు, నలుగురికి జెప్పి నవ్వుతడు అనుకున్న." ముసలాయన గొంతు సవరించుకున్నాడు. "నా ఇజ్జత్ కోసం రాయిని గూడ పైలంగ బిగించినవు. పిల్లనేమో ఇంట్ల పొద్దుమాపు నీ ముచ్చటే. మార్కు లేని సామాను ఇంటి కడప దాటనియ్యది గీ పిల్ల. మరి నీకేం మార్కున్నది?"

శ్రావణ్ వంగి స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు.

"నేను సూసిన బాపు," అంది నిరోష గోడ వైపు చూస్తూ. "షాక్ కొట్టడు. కాలిపోడు."

"మరి పాట?" అన్నాడు శ్రావణ్ మెల్లగా, ఆమెకు మాత్రమే వినబడాలని.

"జిందగీ ఉన్నది గద. ఇనుకుంట ఉంట."

ఆత్మారాం ఇద్దర్నీ చూశాడు. కౌంటర్ చుట్టి లోపలికి వచ్చి, రెండు చేతులూ శ్రావణ్ చంకల కింద వేసి, అమాంతం నేల మీంచి లేపి, మళ్ళీ నెమ్మదిగా దించాడు.

"బక్కగున్నడు బిడ్డా," అన్నాడు. "గని లోపల రాయి లేదు."