అరవై ఒకటో గుడ్డ

సరస్వతీ పూజనాడు పొద్దున్నే పుల్లయ్య రాగిచెంబు పట్టుకుని చౌడయ్య గుమ్మంలో నిలబడ్డాడు. నీళ్లకు కాదు, విభూతికి.

"చిటికెడు చాలు మావా. నిన్నటిది మా గేదె నుదుట పెట్టాను. పూటకు శేరు పాలు ఎక్కువిచ్చింది."

"మొన్న అరశేరన్నావుగా?" అన్నాడు చౌడయ్య, మగ్గం గుంటలోంచి తలెత్తకుండా.

"అది మొన్న. మహిమ పెరుగుతోంది."

ఇంకో వారం గడిస్తే ఆ గేదె పాలకు కృష్ణ కాలవ పొంగి, బెజవాడ పడవలన్నీ మంగళగిరి వీధుల్లోకి వచ్చేవే. మీరు నమ్మకపోతే మానండి, ఊళ్లో సగంమంది నమ్మారు.

విభూతి రాలేది చౌడయ్య ఇంటి నడిమి గదిలో, గోడగూట్లో ఉన్న ఎర్రమూట కింద. మూటలో ఉన్నది చౌడయ్య తాత వెంకటప్పయ్య గంటంతో రాసిన తాటాకు పుస్తకం. ఆయన పోయాక నాయనమ్మ దాన్ని తన చీరచెంగులో కట్టి గూట్లో పెట్టింది. ఆ తరవాత ఏటా సరస్వతీ పూజనాడు ఇంటి మగవాడు ఒక కొత్త ఎర్రగుడ్డ నేసి దానికి చుట్టాలి. పాతది విప్పకూడదు, పాతదాని మీదే కొత్తది. విప్పితే చదువులతల్లిని నడివీధిలో నిలబెట్టినట్టేనని నాయనమ్మ మాట. చౌడయ్య తండ్రి ముప్పై మూడు చుట్టాడు, చౌడయ్య ఇరవై ఏడు చుట్టాడు. మూట పెద్ద గుమ్మడికాయంత అయింది. లోపల ఏముందో చూసినవాడు భూమ్మీద లేడు.

చౌడయ్యకు తెలిసింది ఒక్క చరణం. చిన్నప్పుడు నాయనమ్మ కండెలు చుడుతూ, "పానకాల సామీ, పడుగు తడవనీకు" అని కూనిరాగం తీసేది. తరవాతేమిటే అంటే, "ఆ మూటలో ఉందిరా" అనేది. యాభై ఏళ్లుగా అతను ఆ ఒక్క చరణంతోనే నేస్తున్నాడు.

నెల కిందట మూట కింద పసుప్పచ్చని మెత్తని పొడి కనబడింది. చౌడయ్య కళ్లకద్దుకుని నుదుట పెట్టుకున్నాడు. మర్నాడూ రాలింది.

పూజనాటి పొద్దుటి రైలుకే చౌడయ్య కొడుకు మల్లేశ్వరరావు బెజవాడ నుంచి దిగాడు. అక్కడొక పరిశోధన గ్రంథాలయంలో అతని పని తాటాకు పుస్తకాలు తుడవడం, నిమ్మగడ్డి నూనె రాయడం, కాగితం మీద నకలు తీసి అడిగినవాళ్లకు పంపడం. నిరుడు ఇంటి మూట కూడా అడిగాడు. "ఇంటి దేవుణ్ణి ఊరి మీదికి తిప్పుతామా?" అని తండ్రి కసిరాడు.

కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చేసరికి అతని భార్య రావమ్మ గూటికింది పొడిని తమలపాకుతో ఇత్తడిగిన్నెలోకి ఎత్తుతోంది. మల్లేశ్వరరావు చిటికెడు తీసుకుని వేళ్ల మధ్య నలిపాడు. మొహం మాడిపోయింది.

"నాన్నా, ఇది విభూతి కాదు. పురుగు పొడి. పుస్తకాన్ని తింటోంది."

మగ్గం చప్పుడు ఆగింది.

"ఏమన్నావురా?"

"రోజూ మా చేతుల్లో చూసేదేగా. ఇవాళే విప్పాలి. ఆలస్యమైతే దారమూ అట్టలే మిగుల్తాయి."

"నాలుగక్షరాలొచ్చాయని దేవుడి ప్రసాదాన్ని పురుగు పెంట అంటావా? ఆ మూట మీద చెయ్యి పడిందో, నా మొహం నువ్వు చూడవు, నీ మొహం నేను చూడను!"

"పండగపూట ఆ మాటలేమిటయ్యా?" అంటూ చౌడయ్య భార్య భద్రమ్మ వంటింట్లోంచి పిండిచేతులతో వచ్చింది. "ఒరే మల్లేసూ, నువ్వూ రైలు దిగీదిగగానేనా?"

"నేను ఊరుకుంటాను. పురుగును ఊరుకోమను అమ్మా."

రావమ్మ ఇత్తడిగిన్నె తెచ్చి మామగారి ముందు పెట్టింది. పొడిలో బియ్యపుగింజంత తెల్లటి పురుగొకటి మెల్లిగా మెలికలు తిరుగుతోంది.

"మామయ్యా, వారం నుంచీ కనబడుతూనే ఉన్నాయి. ఏరి పారేసి గిన్నె మీకిస్తున్నాను. మీరు కళ్లకద్దుకుని పెట్టుకుంటుంటే చెప్పడానికి నాకు నోరు రాలేదు. తప్పు నాదే."

చౌడయ్య చెయ్యి దానంతటదే నుదుటి మీదికి వెళ్లింది. పొడి అంటిన వేలికొసను చాలాసేపు చూసుకున్నాడు. తరవాత లేచి, మూటను చంటిబిడ్డను దించినట్టు దించి చాప మీద పెట్టాడు.

"నువ్వు ముట్టుకోకు. కట్టినవాణ్ణి నేను, నేనే విప్పుతాను."

మొదటి గుడ్డ ఊడింది. "నిరుటిది. కంట్రోలు కోటాలో ఇచ్చిన నూలు, గజానికి పది ముడులు." ఇంకొకటి, మరొకటి. చెయ్యి తగలగానే ఏడు చెబుతున్నాడు. "ఇది మల్లేసు పుట్టిన ఏడు. అంచు వంకర పోయింది."

"బాలింతను నేనైతే నీ అంచెందుకయ్యా వంకర పోవడం?" అంది భద్రమ్మ.

నవ్వొచ్చింది కాని ఎవరూ నవ్వలేదు. ప్రతి గుడ్డకూ ఒకేచోట చిన్న చిల్లు. లోపలికి వెళ్లేకొద్దీ అది పెద్దదవుతోంది. తండ్రి నేసిన గుడ్డలు వచ్చాక చౌడయ్య మాటలు ఆగిపోయాయి. ఒక్కొక్కదాన్నీ తడిమి మడతపెట్టాడు. చివరికి నాయనమ్మ చీరచెంగు చేతిలోకి వచ్చి, పట్టుకున్నచోటల్లా పిగిలిపోయింది.

తాటాకులు జల్లెడలా ఉన్నాయి. మల్లేశ్వరరావు వాటిని నెమ్మదిగా విడదీసి, దీపపుమసి నూనెలో కలిపి రుద్దాడు. గంటపు గీతల్లో అక్షరాలు నల్లగా లేచాయి. మగ్గం పాటలు! ఆరో ఆకు మీద అతను చదివాడు: "పానకాల సామీ, పడుగు తడవనీకు..."

"తరవాత?" చౌడయ్య గొంతు పిల్లాడిదిలా ఉంది.

తరవాత చిల్లు. వేలు దూరేటంత.

ఆఖరి ఆకు ఒక్కటి దాదాపు బాగుంది. "మైలవరం మదార్ సాహెబు గారు తమ ప్రతిని రెండు నెలలు నా ఇంట ఉంచి రాసుకోనిచ్చిరి. అడిగినవారికెల్లా నేనును ఇట్లే ఇచ్చెదనని వారి చేతిలో చేయి వేసినాను. వెంకటప్పయ్య."

చౌడయ్య గోడకు చేరగిలబడ్డాడు.

"మా నాన్న బతికుండగా తెనాలి నుంచి ఒకాయన వచ్చాడురా. నకలు రాసుకుంటానని గుమ్మంలో చేతులు జోడించాడు. మంచినీళ్లిచ్చి పంపించేశాం. చెంబు అందించింది నేనే. ఆ తరవాత నువ్వు అడిగావు. మా తాత చేతిలో చేయి వేసి వస్తే, నేను ఆయన మాటను గుడ్డల్లో కట్టి ఊపిరాడకుండా చేశాను." కళ్లనీళ్లు చెంపల మీంచి జారాయి. మల్లేశ్వరరావు తండ్రి పక్కన కూలబడి భుజం మీద చెయ్యి వేశాడు. చౌడయ్య ఆ చేతిని తోసెయ్యలేదు.

మూడు రోజులు తండ్రీకొడుకులు ఎదురెదురుగా కూర్చుని పురుగు దులిపారు, నూనె రాశారు. ఇద్దరూ చదివి చెబుతుంటే రావమ్మ గుండ్రటి అక్షరాలతో కాగితాల మీద రాసింది. ఈ ఏడు నేసిన గుడ్డను, ఆ ఒక్కదాన్నే, చౌడయ్య ఆకులకు వదులుగా చుట్టి కొడుకు చేతికిచ్చాడు.

"మీ గ్రంథాలయంలో పెట్టు. ఎవరడిగినా చూపించమను. ఏడాదికోసారి నేనే వచ్చి విప్పి చూస్తాను."

నాలుగోనాడు పుల్లయ్య మళ్లీ చెంబుతో వచ్చాడు.

"విభూతి అయిపోయింది పుల్లయ్యా. కూర్చో, చదివి వినిపిస్తాను."

చౌడయ్య నుదురు బోసిగా ఉంది. కాగితాలు విప్పి, రాగం తీసి, "పానకాల సామీ, పడుగు తడవనీకు" దగ్గర ఆగిపోయాడు. రావమ్మ అక్కడ ఖాళీ వదిలింది.

"ఆగావేం మావా? ఇక్కడేముంది?"

"ఇక్కడున్నది నెల్లాళ్లు నా నుదుట పెట్టుకున్నానురా. మిగిలింది మీ గేదె నుదుట పెట్టావు."

పుల్లయ్య చెంబు కింద పెట్టేశాడు.

"భద్రా, సంచీ ఇలా అందించు," అని లేచాడు చౌడయ్య. "మైలవరం వెళ్తున్నాను. మదార్ సాహెబు వారసుల దగ్గర ఆ ప్రతి ఇంకా ఉందేమో. గుమ్మంలో నిలబడి చేతులు జోడించి అడుగుతాను."