జీడిగెడ్డ దగ్గర పాట కట్టెయ్యాలి

నర్సీపట్నం నుంచి కృష్ణదేవిపేట వెళ్లే దారిలో జీడిగెడ్డ అని ఒక వాగుంది. ఎండాకాలంలో దాటితే మోకాలు తడవదు. వానాకాలంలో మాత్రం లారీని కూడా లెక్కచెయ్యదు. గెడ్డ దాటగానే మెరక. మెరకకు రెండు పక్కలా జీడితోటలు. పగలు అక్కడ మేకలు మేస్తుంటాయి. చీకటి పడితే... ఆ మేకలవాళ్లే అటు రారు.

ఎప్పుడో వరి ఊడుపులకు వచ్చిన కొయ్యూరు వైపు పిల్ల ఒకతి ఆ గెడ్డలో కొట్టుకుపోయిందట. ఒళ్లు దొరకలేదు. పేరు కూడా ఎవరికీ తెలీదు. దొరకని మనిషికి మట్టెవరు వేస్తారు? మట్టి పడలేదంటే ఆ చావు ఇంకా అయిపోలేదన్నట్టే. చావింటి ముందు పాటలు పెట్టుకుని పోతామా? అందుకే జీడిగెడ్డ వస్తోందంటే ఏ బండైనా పాట కట్టెయ్యాలి, చప్పుడు ఉండకూడదు. మెరక ఎక్కేశాక మళ్లీ పెట్టుకోవచ్చు.

కట్టెయ్యకపోతే ఏమవుతుందో చూసినవాళ్లు లేరు. చూసినవాళ్లను ఎరుగుదుమనేవాళ్లు మాత్రం ఊరినిండా ఉన్నారు.

పైడిబాబు ఈ కథ వింటూనే పెరిగాడు. అందరితోపాటు తనూ అక్కడ పాట కట్టేసేవాడు. భయం ఉండి కాదు. ఎక్కినవాళ్లు ఊరుకోరని.

అతనిది పాత మారుతీ వ్యాను. అప్పుడు నడుస్తున్నది రెండు వేల మూడో సంవత్సరం. రోడ్డు మీద షేర్ ఆటోలు ఈగల్లా ముసిరిపోయాయి. మనుషులు ఆటోలన్నీ వదిలేసి తన బండే ఎక్కాలంటే ఏం చెయ్యాలి? పైడిబాబు లెక్కవేసి తేల్చాడు: గుండె అదిరే పాట ఉండాలి. విశాఖపట్నంలో స్పీకర్లు బిగించే షాపువాడిని అడిగితే, బండి మూడు రోజులు ఉంచేసుకుంటానన్నాడు.

"నాలుగు తీగలు కలపడానికి మూడు రోజులేటి, నానే సేసుకుంతాను" అని ఆంప్లిఫయరు, స్పీకర్లు చంకలో పెట్టుకుని బస్సెక్కి వచ్చేశాడు.

పగలంతా బండి తోలడం, రాత్రి ఇంటిముందు సందులో బల్బు వేలాడదీసి పని. బేస్ బాక్సుకు ప్లైవుడ్ చెక్క తనే కోశాడు. పొడవు, వెడల్పు, ఎత్తు హెచ్చవేసి, అందులోంచి స్పీకరు ఆక్రమించే చోటు తీసేసి, గాలికి ఎంత మిగలాలో గోడమీద బొగ్గుతో లెక్కకట్టాడు. బ్యాటరీ నుంచి ఎర్ర తీగ లాగాడు. నల్ల తీగను వెనక సీటు కింద బండి రేకుకే బోల్టు పెట్టి బిగించేశాడు. అది ఎర్త్ వైరు. కళ్లు మూసుకుపోతున్నాయి. ఇంజను వేస్తే పొగకి మామ్మ మరిడమ్మకు దగ్గు తెరలు వస్తాయని, బ్యాటరీ మీదే పాట పెట్టి చూశాడు.

సందులో రేకులన్నీ గడగడలాడాయి. మరిడమ్మ నులకమంచం మీద లేచి కూచుంది.

"ఒరే గుంటడా, పిడుగు పడిందేట్రా?"

"పడింది మామ్మా. మన బండిలోనే" అన్నాడు పైడిబాబు. అక్కడే, సీటుమీదే నిద్రపోయాడు.

మర్నాడు సాయంత్రం బండి నిండిపోయింది. పాట ఆపితే జనం ఒప్పుకోలేదు. చీకటి పడింది. దీపాలు వేశాడు. జీడిగెడ్డ వచ్చింది.

"కట్టీ... కట్టీ" అని వెనక నుంచి గొణిగాడు చేపల సింగన్న.

సౌండు సున్నాకి తిప్పాడు. బండి గెడ్డ దాటింది. గేరు మార్చి, మెరకకు ఎక్కిస్తున్నాడు—

అప్పుడు వినబడింది.

సన్నగా... ముక్కులోంచి మొదలైన ఏడుపు. బండి పైకెక్కే కొద్దీ అదీ పైకి... ఇంకా పైకి... గొంతు చిరిగిపోతుందా అన్నట్టు.

"ఏట్రా అది?"

"ఏటీ..."

"ఇనబడ్డంలేదా... ఆడకూతురు ఏడుపు. మన్తోటే వస్తంది!"

పైడిబాబు చెయ్యి దానంతటదే వెళ్లి పాట పెట్టేసింది. ఏడుపు మాయం. మెరకపైన అందరూ దిగిపోయారు. ఊరు ఇంకా చాలా దూరం ఉంది. అయినా నడిచే పోయారు.

బండిలో ఆ రాత్రి విన్నవాళ్లు ఎనిమిదిమంది. ఒక్కొక్కరూ నలుగురికి చెప్పినా మర్నాటికి ముప్ఫై రెండు. ఆ లెక్కన శనివారానికి నర్సీపట్నంలో తెలీనివాళ్లు మిగలరని పైడిబాబుకి ముందే తెలిసిపోయింది. అలాగే అయింది. ఖాళీ బండి తోలుతూ రెండుసార్లు వెళ్లాడు. రెండుసార్లూ ఏడ్చింది. అతను స్టాండులో ఆపితే జనం పక్క ఆటోలో ఒకళ్ల ఒళ్లో ఒకళ్లు కూచుని పోతున్నారు.

ఆ తర్వాత అప్పలరాజు వచ్చాడు. కూతురు లోవలక్ష్మి పెళ్లి కృష్ణదేవిపేటలో. పెళ్లికూతురిని తీసుకెళ్లడానికి, పాట మోగిన మొదటిరోజు పొద్దున్నే పైడిబాబు బండి మాట్లాడుకున్నాడు. ఆ పాటలబండే కావాలని కూతురు పట్టుబట్టింది మరి.

"పెల్లికూతుర్ని ఏడుపుగొట్టు బండిలో ఎలా ఎక్కించమంటావురా?" అన్నాడు అప్పలరాజు, గుమ్మం దాటకుండానే.

"బావూ, అది ఏటో నాను సూస్తాను..."

"సూడు. రేపు పొద్దున్నకల్లా సెప్పు. లేదంటే ఇంకో బండి."

పెళ్లివాళ్లు వద్దన్న బండిని ఆ తర్వాత ఎవడూ ఎక్కడు. అమ్ముదామన్నా ఎవడూ కొనడు. పైడిబాబు గడపమీద కూలబడ్డాడు. నిద్రలేక కళ్లు మండుతున్నాయి.

మరిడమ్మ దగ్గరకొచ్చి గుసగుసగా అంది. "దానికి మట్టి తగల్లేదురా బాబూ. తగిలితే ఊరుకుంటాది."

"నాకు నిద్ర తగల్లేదు మామ్మా. ముందు దాని సంగతి సూడు."

ఆ రాత్రి ఒక్కడే బయల్దేరాడు. భయపడే ఓపిక కూడా లేదు. జీడిగెడ్డ దగ్గర సౌండు సున్నాకి తిప్పాడు. మెరక ఎక్కుతుంటే... వచ్చింది. అదే ఏడుపు. వెనక సీటులోంచే. వెనక్కి చూడలేదు. కంగారులో గేరు తప్పింది. ఇంజను ఆగిపోయింది.

ఏడుపూ ఆగిపోయింది.

జీడాకుల్లో గాలి. దూరంగా గెడ్డ నీళ్లు. అంతే.

తాళం తిప్పాడు. ఇంజను లేచింది. ఏడుపూ లేచింది... పైడిబాబు బ్రేకు తొక్కి పట్టాడు. తర్వాత, ఎందుకో, నిలబడ్డ బండినే కొంచెం రేజు చేశాడు. ఏడుపు పెరిగింది. కాలు తీశాడు. తగ్గింది. మళ్లీ తొక్కాడు. మళ్లీ పెరిగింది.

దెయ్యం ఏమిటి, యాక్సిలేటరు మాట వినడమేమిటి?

దిగి, నోట్లో టార్చి పెట్టుకుని వెనక సీటు ఎత్తాడు. నల్ల తీగ బోల్టు కింద మెరుస్తున్న తెల్ల రంగు కనబడింది. తీగ రేకుకు తగల్లేదు. రంగు మీద కూచుంది. ఎర్త్ సరిగ్గా తగలకపోతే ఇంజను రొద స్పీకర్లలోకి ఎక్కుతుంది. పాట నడుస్తున్నంతసేపూ ఆ రొద పాట కింద దాక్కుంటుంది. దారి మొత్తంమీద పాట కట్టేసే చోటు ఒక్కటే. అందుకే దెయ్యం ఉన్న చోటూ ఒక్కటే!

తాళంచెవితో రంగు గీకాడు. రేకు తళతళలాడేదాకా గీకి, బోల్టు బిగించాడు. ఇంజను వేశాడు. తొక్కాడు. ఇంకా తొక్కాడు.

ఏమీ లేదు. ఇంజను, గెడ్డ నీళ్లు... అంతే.

అక్కడే స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే కాసేపు ఏడ్చాడు కూడా. ఎర్త్ తగల్లేదు. మట్టి తగల్లేదు. మామ్మ చెప్పిన మాటే, ఇంగ్లీషులో.

పొద్దున్నే అప్పలరాజుని ఎక్కించుకుని జీడిగెడ్డ దాకా తీసుకెళ్లి చూపించాడు. ఆయన మెరక ఎక్కేదాకా ఊపిరి బిగబట్టి, ఎక్కాక "సరే" అన్నాడు.

పెళ్లినాటి సాయంత్రం లోవలక్ష్మి బాసికంతో వెనక సీటులో కూచుంది. పక్కన మరిడమ్మ. గెడ్డ వచ్చేదాకా పాటలే పాటలు. జీడిగెడ్డ దగ్గర పైడిబాబు సౌండు సున్నాకి తిప్పాడు. బండిలో ఒక్కరూ కదల్లేదు. మెరక సగం... ముప్పాతిక... పైకి ఎక్కేశారు. గాజుల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

"ఇంక పెట్టు మావా, పాట!" అని అరిచింది పెళ్లికూతురు. బండి అంతా ఒక్కసారి నవ్వేసింది.

మరునాడు పొద్దెక్కాక, ఒళ్లంతా పులిసిపోయి, పైడిబాబు బండి ఊడుస్తున్నాడు. అక్షింతలు, బంతిపూల రేకలు. వెనక సీటు ఎత్తాడు. బోల్టు ఉన్న చోట చిన్న మట్టికుప్ప.

"మామ్మా, ఇదేటి?"

మరిడమ్మ చీపురు పుల్లలు కట్టుకుంటూ తలెత్తలేదు. "నానే పోసాను. బండెక్కీముందు. గెడ్డ ఒడ్డుమీది మట్టి, మేకలోళ్ల సేత తెప్పించాను. పిడికెడే."

"బోల్టు బిగించింది నాను. పేరు నీదా?"

నవ్వుకుంటూ మట్టి పక్కకు నెట్టాడు. నవ్వు ఆగిపోయింది.

తీగ ఊడిపోయి ఉంది. గతుకులకు బోల్టు జారి పక్కకు దొర్లింది. నల్ల తీగ కొస దేనికీ తగలకుండా, ఆ మట్టిలో గుచ్చుకుని పడుంది.

తీగ ఎప్పుడు ఊడిందో తెలీదు. నిన్న జీడిగెడ్డ తర్వాతే అయ్యుండొచ్చు. అవును... అలాగే అయ్యుండాలి. కానీ ఇప్పుడు? ఎర్త్ పూర్తిగా పోతే అసలు పాటే రాకూడదు, వస్తే ఏడుపు ముందుకన్నా ఎక్కువ రావాలి. మట్టి వేళ్లమధ్య నలిపి చూశాడు. ముక్కుపొడిలా పొడిగా ఉంది. పొడిమట్టి కరెంటు మొయ్యదు.

వెళ్లి ఇంజను వేశాడు. దీపాలు వేశాడు. పాట పెడితే మోగింది. సౌండు సున్నాకి తిప్పాడు. నిండా తొక్కాడు.

సందులో మరిడమ్మ దగ్గు తప్ప ఏమీ వినబడలేదు.

చాలాసేపు అలాగే తొక్కి పట్టుకుని కూచున్నాడు పైడిబాబు. గోడమీద బొగ్గు అంకెలు కనబడుతున్నాయి. ఎన్నిసార్లు వేసినా ఈ లెక్క తేలలేదు. చివరికి దిగాడు. పక్కకు నెట్టిన మట్టిని రెండు చేతులతో మళ్లీ దగ్గరకు తీసి, తీగ మీద కప్పి, సీటు మెల్లగా దించాడు.

బోల్టు బిగించలేదు.