ఆపరేషన్ చిక్కుడు కొత్త

నర్సీపట్నం ఆర్టీసీ కాంప్లెక్స్ వెనక సందులో ఏజెంట్ తాతాజీ పక్కటెముకల కింద కత్తి దిగింది. తీసి మళ్ళీ దింపారు. మైకులో కొయ్యూరు బస్సు గురించి అరుస్తున్నారు కాబట్టి అతని మూలుగు ఎవరికీ వినపడలేదు. పొడిచినవాడు తాతాజీ తువ్వాలుకే కత్తి తుడిచి, జనంలో కలిసిపోయాడు.

తాతాజీ పేగులు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో చీఫ్ నంబరు నొక్కాడు.

"సైన్స్ ఫెయిర్... బాంబు ఎగ్జిబిట్‌లో... పిల్లల చేతే పేలుస్తారు..."

ఆ తర్వాత ఫోనులో బస్సు హారన్లు తప్ప ఏమీ లేవు.

ఊళ్ళోనే లాడ్జిలో ఉన్న ఏజెంట్ రాజుబాబుకి చీఫ్ ఫోన్ చేశాడు.

"తాతాజీ పోయాడు. చంపింది మాంబా ముఠా. టార్గెట్ డాక్టర్ రామాయమ్మ. మన టార్పెడోలకి దారి చూపించే సిస్టమ్ ఆవిడ బుర్రలోంచే వచ్చింది. మధ్యాహ్నం హైస్కూల్లో సైన్స్ ఫెయిర్‌కి చీఫ్ గెస్ట్. అక్కడ ఏదో ఎగ్జిబిట్‌లో బాంబుంది."

"ఫెయిర్ ఆపించండి."

"సగంమంది పిల్లలు లోపలికి వెళ్ళిపోయారు. పోలీసు టోపీ కనబడితే అక్కడికక్కడే పేల్చేస్తారేమో. నువ్వు జడ్జిగా వెళ్తున్నావు. మన సత్యవేణి అక్కడ యాంకర్‌గా ఉంది. కోడ్: తాండవలో నీళ్ళున్నాయా?"

"జవాబు?"

"గేట్లు ఎత్తేశారు."

తాతాజీ కూతురికి ఫాల్గుణంలో పెళ్ళి. ఆ సంగతి రాజుబాబుకి తెలుసు. సోడాబుడ్డి కళ్ళద్దాలు పెట్టుకున్నాడు, జుట్టుకి తెల్లరంగు పట్టించాడు. జేబులో ఎర్ర పెన్ను. దాని పాళీ మెడకి తగిలితే ఎద్దయినా పడిపోతుంది. ఛాతీ మీద జడ్జి బ్యాడ్జి, అందులో పేలుడు మందుని పసిగట్టే సెన్సారు.

డిపార్ట్‌మెంట్ వారి తెలివి ఏమని చెప్పాలి! ఫెయిర్‌లో అడుగుకో పిల్లవాడు అగ్నిపర్వతం చేసుకొచ్చాడు. సెన్సారు ప్రతిదాని దగ్గరా కుయ్యిమంది. బ్యాడ్జి ఉంచుకుని, సెన్సారుని మాత్రం పీకి చెత్తబుట్టలో పడేశాడు రాజుబాబు.

గేటు దగ్గర కొయ్యూరు వైపు నుంచి వచ్చిన హాస్టలు పిల్లల బస్సు ఖాళీ అవుతోంది. టీచరు అప్పలలక్ష్మి ఒక్కొక్కరినీ చేయి పట్టి దింపుతోంది. బ్యాడ్జి చూసి నమస్కారం పెట్టింది.

"జడ్జి గారాండీ? మా పిల్లలు ఇదే మొదటిసారండీ ఇలాటిది సూడ్డం. సాయంత్రానికి ఒప్పసెప్తానని తల్లులందరి ముందూ ఒట్టేసొచ్చీసానండి. బయం బయంగా ఉంది."

బస్సు వెనక తలుపులోంచి ఒక బలమైన మనిషి నీలం డ్రమ్ము దింపుతున్నాడు. పిల్లలు చేసిన బయోగ్యాస్ ప్లాంటు. "మత్స్యలింగవండీ," అంది టీచరు. "మా వంటాయనకి నిన్న ఎవరో కాళ్ళిరగ్గొట్టేసారు. ఈయన బదులొచ్చాడు. పొద్దున్నే టౌనులో పనుందని ముందొచ్చీసి, కాంప్లెక్స్ కాడ మా బస్సెక్కాడు. కొండమనిషే, మా తలుపులమ్మోళ్ళ పంచాయతీ."

డ్రమ్ము చేసిన తలుపులమ్మ తొమ్మిదో తరగతి. జడ్జిని చూసి భయపడకుండా, పేడలోంచి గ్యాసు ఎలా వస్తుందో గడగడా చెప్పింది. "రామాయమ్మ గారొచ్చాక స్టవ్ నేనే ఎలిగిస్తానండి," అంది. రాజుబాబు తలూపి ముందుకెళ్ళాడు. పేడ కంపుకి ముక్కు మూసుకున్నాడు కూడా. మనవాడి తెలివీ అంతంత మాత్రమే.

స్టేజీ పక్కన సత్యవేణి నిలబడి ఉంది. నెమలికంఠం పట్టుచీర. ఆమె నవ్వితే ఎదురుగా ఉన్న హెడ్మాస్టర్లు చేతిలో కాగితాలు జారవిడుస్తున్నారు.

"తాండవలో నీళ్ళున్నాయా?"

"గేట్లు ఎత్తేశారు." పెదవులు కదపకుండా అంది. "కోటవురట్ల స్కూలు వాళ్ళ డ్రోన్ మీద అనుమానం. బేగి చూడు, రాజూ."

రాజుబాబు ఆ డ్రోన్‌ని స్టోర్‌రూమ్‌కి పట్టుకెళ్ళి, తలుపేసి, ఒక్కో స్క్రూ విప్పాడు. బ్యాటరీ, తీగలు, పిల్లలు అంటించిన వినాయకుడి స్టిక్కరు. అంతే! బయట దాన్ని చేసిన కుర్రాళ్ళు గొల్లుమన్నారు. సత్యవేణి పొరపడిందనుకున్నాడు. ఈలోపు భోజనాల వేళయింది.

అరుగు మీద పిల్లలు వరసగా కూర్చున్నారు. అన్నం, పప్పు, చిక్కుడుకాయ కూర. టౌను పిల్లలు కూర మారు వడ్డించమంటున్నారు. కొండపిల్లల కంచాల్లో మాత్రం కూర అంచుకి తోసేసి ఉంది.

"ఏమ్మా తలుపులమ్మా, కూర బాలేదా?"

"బాగుందేమోనండి. మా పంచాయతీలో సిక్కుడు కొత్త ఇంకా అవలేదు. కొత్త పండగ సేసి అమ్మోరికి పెట్టాకే మేం నోట్లో ఎట్టాలి. అంతవరకూ సచ్చినా తినం." తర్వాత గొంతు తగ్గించింది. "అదేనండి నాకు అరదం కావట్లేదు. మత్స్యలింగం మావ మా పంచాయతీయే అన్నాడా? ఇందాక వంటషెడ్డులో గిన్నెడు తినీసాడండి."

రాజుబాబు వంటషెడ్డు వైపు తిరిగాడు.

మాంబా ముఠా వాడికి యాస నేర్పింది, ఆధార్ కార్డు చేయించింది, కొండల పేర్లు బట్టీ పట్టించింది. నోరు కట్టుకోవడం నేర్పలేదు.

వంటషెడ్డులో మత్స్యలింగం ఒక్కడే ఉన్నాడు. డేగిసా మీద వంగి గంజి వారుస్తున్నాడు.

"చిక్కుడు కొత్త ఎప్పుడయ్యా మీ ఊళ్ళో?"

వాడు తిరగలేదు. చేతిలోని గంటె తిరిగింది. రాజుబాబు కళ్ళద్దాలు పగిలి, గాజుపెంకు కనుబొమ్మలో దిగింది. మరుక్షణం కత్తి బయటికొచ్చింది. తాతాజీని పొడిచిన కత్తి. రాజుబాబు అరచేయి అడ్డం పెట్టాడు. కత్తి ఇటునుంచి అటు వచ్చింది. ఆ చేత్తోనే వాడి పిడికిలి మూసి మెలిపెట్టాడు. మణికట్టు ఎండుపుల్లలా విరిగింది. వాడు తలతో ముక్కు మీద కొట్టాడు. రాజుబాబు రక్తం ఉమ్మి, వాడి జుట్టు పట్టుకుని మొహాన్ని సలసల కాగే గంజిలో ముంచాడు.

తీశాడు. "ఎక్కడ?"

తోలు ఊడిన పెదాలు కదిలాయి. "డ్రమ్ము... స్టవ్ వాల్వ్... ఆ పిల్ల తిప్పితే..."

టప్‌మని చిన్న చప్పుడు. రాజుబాబు నడుం పక్కన మంట లేచింది. గుమ్మంలో సత్యవేణి. చేతిలో సైలెన్సర్ పిస్టల్, మొహాన అదే నవ్వు.

"గేట్లు రెండువైపులా ఎత్తుతారు, రాజూ. నీకు ఒకవైపే చెప్పారు."

రెండో గుండుకి రాజుబాబు మత్స్యలింగాన్ని ముందుకి లాగాడు. గుండు వాడి గొంతులో దిగింది. మూడోదానికి ముందే డేగిసాని కాలితో తన్నాడు. వేడిగంజి ఆమె కాళ్ళ మీంచి పారింది. సత్యవేణి కేకపెట్టి కూలింది. పిస్టల్ మాత్రం వదల్లేదు. రాజుబాబు ఆమె మీద పడి ఎర్ర పెన్ను మెడకి గుచ్చాడు. పట్టుచీర ఒక్కసారి ఎగిరిపడి ఊరుకుంది.

అప్పుడే మైకులో అప్పలలక్ష్మి గొంతు, గర్వంతో వణుకుతూ వినిపించింది.

"డాక్టర్ రామాయమ్మ గారు మా స్టాలు దగ్గరకొచ్చేసారండీ! ఇప్పుడు మా తలుపులమ్మ స్టవ్ ఎలిగిస్తాది! అమ్మా, వాల్వ్ తిప్పు!"

హాలు గ్రౌండుకి అవతలి చివర. రాజుబాబు పరిగెత్తబోయి పడ్డాడు. అరిచాడు. నోట్లోంచి రక్తమే తప్ప మాట రాలేదు. నా చేతకానితనానికి ఆ పిల్ల బలైపోతోంది అనుకున్నాడు. తలెత్తితే వరండా దూలానికి ఇనప కమ్మీ వేలాడుతోంది. బడిగంట.

పాక్కుంటూ వెళ్ళాడు. స్తంభం పట్టుకుని లేచాడు. సత్యవేణి చేతిలోంచి లాక్కున్న పిస్టల్ మడమతో వాయించాడు. ఆపకుండా, ఊపిరి తీసుకోకుండా.

లాంగ్ బెల్!

లాంగ్ బెల్ విన్నాక కూడా బడిలో నిలబడే పిల్లవాడిని మన దేశంలో ఏ తల్లీ ఇంతవరకూ కనలేదు. హాలు హోరుమంది. అగ్నిపర్వతాలు బోర్లాపడ్డాయి. వాల్వ్ మీద వేళ్ళు పెట్టిన తలుపులమ్మ, ఏ ఆలోచనా లేకుండా, వేళ్ళు తీసేసి అందరికంటే ముందు గేటు దాటింది. ఈ ఊరి బడిలోనే చదివిన డాక్టర్ రామాయమ్మ గారు కూడా చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తారు.

సాయంత్రం విశాఖ నుంచి వచ్చిన బాంబు స్క్వాడ్ డ్రమ్ము విప్పింది. వాల్వ్ పావు వంతు తిరిగి ఉంది. ఇంకో పావు తిరిగితే హైస్కూలు ఉండేది కాదట.

లాంగ్ బెల్ మోగిన వేళకి అంబులెన్సు చింతపల్లి ఘాట్‌లో ఎక్కడో ఉంది. దగ్గరలో ఉన్న బండి హాస్టలు బస్సే. వెనక సీట్లో రాజుబాబుని పడుకోబెట్టి, పిల్లల స్వెట్టర్లతో గాయం అదిమి కట్టారు. అప్పలలక్ష్మి ఏడుస్తూనే, ఒక్కో తలమీద చేయి వేసి లెక్కపెడుతూ వెనకదాకా వచ్చింది. రాజుబాబు తలమీద కూడా చేయి వేసింది. ఆగింది. మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టింది.

"ఏటండిది, ఒకరు ఎక్కువొస్తన్నారు!"

రాజుబాబు కళ్ళు తెరవకుండానే అన్నాడు. "తక్కువ రాలేదు కదా మేడమ్. అదే పదివేలు."